ఫోన్ చేసినవాళ్ళ మీదే ముందు అనుమానం

ఫలానా మనిషికి పిచ్చెక్కింది, వచ్చి పట్టుకుపొండి అని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు ఆ ఫోన్ చేసినవాళ్ళను అనుమానించండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. శిక్షణ తరగతుల్లో ఇంకోలా చెబుతారు. కుటుంబాన్ని నమ్మాలి, వాళ్ళ బాధ వినాలి అంటారు. వినండి, ఎవరు వద్దన్నారు! కాకపోతే వాళ్ళు ఏం చెప్పడం లేదో అది కూడా కాస్త కనిపెట్టుకుని ఉండండి.

నేను నర్సును. పట్నంలో మానసిక రోగుల దవాఖానలో చాలా ఏళ్ళు వార్డు డ్యూటీ చేశాను. ఆ తర్వాత, పూర్తిగా ఇంట్లో కూర్చునే ముందు, చేవెళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన బృందంలో పనిచేశాను. బృందం అంటే పెద్ద దండేమీ కాదు. నేను, కౌన్సెలర్ ప్రణీత, డ్రైవర్ జంగయ్య, అంతే. చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఎవరైనా మనసు అదుపు తప్పి కేకలు వేస్తున్నా, చస్తానని బావి గట్టున కూర్చున్నా, పోలీసులకు బదులు ముందు మేము వెళ్ళాలి. లాఠీ లేకుండా, యూనిఫాం లేకుండా మాట్లాడాలి. అవసరమైతే ఒప్పించి దవాఖానకు తీసుకెళ్ళాలి. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూడండి.

ఊళ్ళలో మమ్మల్ని ఎవరూ నమ్మేవారు కాదు. "పోలీసులం కాదంటరు, డాక్టర్లం కాదంటరు. మరి ఎవరు మీరు?" అని మొహం మీదే అడిగేవారు. స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్‌కైతే అసలే నమ్మకం లేదు. "మీరు పోయి తల పగలగొట్టించుకుంటే అది నా మెడకు సుట్టుకుంటది సిస్టర్," అన్నాడు మొదటి పరిచయంలోనే. అందులో తప్పేమీ లేదు. నాకూ ఆయన మీద నమ్మకం లేదు. అలా ఒకరినొకరు ఓరగా చూసుకుంటూనే కలిసి పనిచేశాం, బాగానే చేశాం.

చొక్కా వాసన

మొదట్లోనే అజీజ్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. తోటమాలి ఎవరినీ గుర్తుపట్టడం లేదట, నోటి నుంచి చొంగ కారుతోందట, మీద పడతాడేమోనని చేతులు కట్టేశారట. "తాగిండేమో మేడమ్. లేకుంటే మొదటి నుంచి జర మెంటలే," అన్నాడు. ఎంత గబగబా చెప్పాడంటే నాకు అక్కడే తేడా కొట్టింది. తాగితే తాగాడంటారు, పిచ్చయితే పిచ్చంటారు. అడగకముందే రెండు కారణాలు సిద్ధం చేసుకున్నవాడు మూడోదాన్ని దాస్తున్నాడన్నమాట.

వెళ్ళేసరికి ఆ మనిషి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. రెప్పలు ఎత్తి చూస్తే కంటిపాప గుండుసూది మొనంత ఉంది. వంగి చొక్కా వాసన చూశాను. పురుగుమందు గుప్పుమంది. "పొద్దున మందు కొట్టిండా?" అని అడిగితే సూపర్‌వైజర్ ఫోన్ చూసుకుంటూ పక్కకు జరిగాడు. పక్కనున్న వంటామె ఉండబట్టలేక, "పొద్దటి సంది కొడుతనే ఉన్నడమ్మా. మూతికి గుడ్డ కూడ ఇయ్యలే," అంది. తాగుడూ కాదు, మెంటలూ కాదు. చొక్కా విప్పించి, ఒళ్ళు కడిగించి, పరుగు మీద పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. బతికాడు. యజమానికి చెడ్డపేరు రాకూడదని ఒక మనిషిని కట్టేసి మా మీదకు తోసిన ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముందు ఒంటిని చూడండి, మనసు సంగతి తర్వాత. ఆ రెండింటి మధ్యలో ఇంటివాళ్ళను చూడండి.

తెల్ల బండి

మా మేనేజర్ మురళీధర్ సార్ మంచివాడే. ఆయన తప్పల్లా ఒకటే, మంచి చేయాలనుకున్న చోట ముందు ఆ చోటు గురించి అడిగి తెలుసుకోడు. మేము పోలీసుల్లా కనపడకూడదని ఆయన పట్టుదల. అందుకని సైరన్ లేని కొత్త తెల్ల కారు కొన్నారు. మాకు ఇస్త్రీ మడత నలగని బట్టలు, మెడలో కార్డులు. చేరగానే ఆ స్థలాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఆఫీసుకు పంపాలి. అది లేకపోతే మేము వెళ్ళినట్టు లెక్క కాదు.

ఈ చుట్టుపక్కల పుట్టిన ఎవరిని అడిగినా చెప్పేవారు. ఇక్కడ తెల్ల కారు దిగి, నలగని చొక్కాలతో పొలం గట్టు మీద నిలబడి ఫొటోలు తీసేది ఎవరు? భూమి బ్రోకర్లు. ఖాకీ చొక్కాను చూస్తే ఊళ్ళోవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఈ చొక్కాలను చూస్తే మాత్రం కర్ర అందుకుంటారు. పోలీసులం కాదని తెలియజేయడానికి అంత ఖర్చుపెట్టి మేము పప్పులో కాలేశాం.

ఆ సంగతి మాకు ప్రభుదాసు దగ్గర తెలిసింది.

ఆయన తమ్ముడు సుధాకర్ ఫోన్ చేశాడు. ఆలూరు దాటాక రోడ్డు దిగి లోపలికి వెళితే వాళ్ళ గులాబీ తోట. "మా అన్న బోరు కాడ మోటరు రూములనే పడి ఉంటుండు సిస్టర్. గొడ్డలి దగ్గర పెట్టుకుంటుండు. ఇంటికి వస్తలేడు, నిద్ర పోతలేడు. బోరు గొట్టంల ఎవరో మాట్లాడుతున్నరంటడు. ఎట్లన్న చేసి తీస్కపోండ్రి."

"భూమి ఎంత ఉంటది?" అని అడిగాను.

"ఎకరంన్నర. గదెందుకు సిస్టర్?"

ఎందుకేమిటి నా మొహం! అన్నను దవాఖానలో పడేస్తే ఆ ఎకరంన్నర ఎవరి చేతికి వస్తుందో నాకు తెలియదా? ఫోన్ పెట్టేసేలోపే సుధాకర్ మీద నా మనసులో ముద్ర పడిపోయింది.

వెళ్ళాం. తోట మొదట్లో సుధాకర్, ప్రభుదాసు భార్య రూతమ్మ మా కోసం నిలబడి ఉన్నారు. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "జర పైలం సిస్టరమ్మా, మనిషి మంచోడే, ఇప్పుడే గిట్లయిండు," అని నా చేతులు పట్టుకుంది. ప్రణీత నియమం ప్రకారం ఫోన్ ఎత్తి తోటను ఫొటో తీసింది. అంతే, మోటారు గదిలోంచి ప్రభుదాసు గొడ్డలితో దూసుకొచ్చాడు.

"కొలువనీకి వచ్చిన్రా? ఫొటోలు కొడుతున్రా? ఎవని అయ్య జాగ అనుకున్నర్రా!"

గొడ్డలి విసిరాడు. అది బండి చక్రం ముందు మట్టిలో దిగబడింది. ప్రణీత చేతిలో ఫోన్ జారిపోయింది. జంగయ్య ఒక్క ఊపున మా ఇద్దరినీ బండిలోకి లాగి వెనక్కి తిప్పాడు.

ఇన్‌స్పెక్టర్‌కు అప్పటికే కబురు అందింది. "సూసిన్రా సిస్టర్? ఇగ మీ ముచ్చట్లు చాలు. నలుగురు కానిస్టేబుళ్ళను పంపి కట్టేసి తెప్పిస్త," అన్నాడు. చేతిలో గొడ్డలి ఉన్న మనిషిని కట్టేయబోతే ఎవరో ఒకరి రక్తం కళ్ళజూస్తామని నేను, అలాగని ఊరుకుంటే ఇంకెవరో పోతారని ఆయన. ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. చివరికి, "రేపు పొద్దుగూకేదాక సూస్త. తర్వాత మా పద్ధతిల మేము పట్టుకుంటం," అన్నాడు.

గట్టు మీద

మర్నాడు కారును రోడ్డు పక్క చాయ్ హోటల్ దగ్గరే వదిలేశాం. కార్డులు సంచిలో పడేశాం. ఫొటో తీయనని చెబితే మురళీధర్ సార్, "ఫొటో లేకపోతే విజిట్ జరగనట్టే కదా మేడమ్," అన్నారు. "జరగలేదనే అనుకోండి సార్," అన్నాను. నాకు ముక్కు మీద కోపం, ఆయనకూ తెలుసు.

నడుచుకుంటూ వెళ్ళి, నా రెండు చేతులూ ప్రభుదాసుకు కనపడేలా ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ప్రణీతను, జంగయ్యను దూరంగా ఉండమన్నాను. ఆయన మోటారు గది గుమ్మంలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. బోరు గొట్టం నోట్లో తడి గోనెసంచి కుక్కి ఉంది.

"నిన్న తెల్ల బండిల వచ్చింది నువ్వే కదా?"

"నేనే."

"కాదని ఎందుకంటలేవు?"

"నువ్వు కండ్లతో సూసినవు కదన్నా. కాదంటే నమ్ముతవా?"

ఆ మాటకు ఆయన గొడ్డలి గోడకు ఆనించాడు. వదిలేయలేదు, ఆనించాడు. ఈ పనిలో అదే పెద్ద ముందడుగు. ఎండ ఎక్కేదాకా అలాగే కూర్చుని మాట్లాడుకున్నాం. గులాబీలకు పట్టిన తెగులు గురించి, చేవెళ్ల మార్కెట్లో పూలకు పలికే ధర గురించి. నడుమ నడుమ ఆయన గొట్టం వైపు తిరిగి "సప్పుడు చెయ్యకుండ్రి" అని గదమాయించేవాడు. నేను ఆ గొంతులు ఉన్నాయనలేదు, లేవనలేదు. "నాకైతే వినొస్తలేవన్నా, నీకు వినొస్తున్నయి, నిద్ర పోనిస్తలేవు గదా," అన్నాను.

"పోనిస్తలేవక్కా," అన్నాడు. "నాకు బాగలేదని నాకెరుక లేదా? ఇంతకుముందొకసారి గిట్లనే అయితే దవాఖానల ఉండి నయమైన. గోలీలు ఏసుకున్నన్ని రోజులు మంచిగనే ఉన్న."

"మరి నడువు, పోదాం."

"ఎట్ల వస్త? అవతల చెలుక యాదయ్యది. కోడలి కాన్పుకు పట్నం పోయి వచ్చేసరికి ఆయన చెలుకల గోడ లేసి ఉన్నది. ఇగ తిరుగుతనే ఉన్నడు ఆఫీసుల చుట్టు. నేను ఈడికెల్లి కదిలితే నాదీ గంతే. నా భూమి మీద కన్నేసిన్రు. ఇంట్ల మనుషులే చేస్తున్నరు."

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. మీ పుస్తకాల్లో ఇలాంటి మాటను భ్రమ అని రాస్తారు. గొట్టంలో గొంతులు భ్రమే, నేను కాదనను. కానీ ఆ తోటకు నాలుగు వైపులా కొత్త గోడలు నేను కళ్ళారా చూశాను. మనిషికి జబ్బు ఉండొచ్చు, ఆ మనిషి అనుమానం నిజమూ కావచ్చు. రెండూ ఒకే తలలో ఉంటాయి. మా వాళ్ళలో చాలామందికి ఈ చిన్న విషయం ఎక్కదు. జబ్బు కనపడగానే మిగతా మాటలన్నీ చెత్తబుట్టలో వేస్తారు.

ఆయనకు కావలసింది ఓదార్పు కాదు, తన స్థానంలో ఆ నేల మీద కూర్చునే మనిషి. సరే, ఎవరిని కూర్చోబెడదాం అని అడిగాను. తమ్ముడా? ఉమ్మేశాడు. మీ చర్చి పాస్టరయ్య? "ఆయనకు అందరూ కావాల్సినోళ్ళే." రూతమ్మ? తల అడ్డంగా తిప్పాడు, ఎందుకో చెప్పలేదు. నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నువ్వు కూసో."

"నేను నీతోని దవాఖానకు రావాలె కదన్నా."

"ఆ పిల్ల వస్తది. నువ్వు ఈడ కూసో. ఎవరన్నా వస్తే నాకు చెప్పాలె. చెప్తవా?"

"చెప్త."

"ఒట్టు పెట్టు."

"ఒట్లు గిట్లు నాతోని కాదు. చెప్త అన్న కదా!" కసురుకున్నాను. ఆ కసురుకే నమ్మినట్టున్నాడు.

మురళీధర్ సార్‌కు ఫోన్ చేస్తే, "నర్సు పొలానికి కాపలా ఉండటం ఏమిటి మేడమ్, మన పద్ధతిలో ఇలాంటిదేమీ లేదు," అన్నారు. ఇప్పుడు చేర్చుకోండి అని ఫోన్ పెట్టేశాను. ప్రభుదాసు గొడ్డలిని నా పక్కన పెట్టి, తలుపు గొళ్ళెం వేసి, జంగయ్య వెంట నడిచాడు. బాట మలుపు తిరిగేముందు తోట వైపు తిరిగి చూసిన చూపు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. సుధాకర్ మోటర్‌సైకిల్ మీద వాళ్ళ వెనకే వెళ్ళాడు. వెళుతున్న వాడిని చూసి, వీడు నిజంగా దవాఖానకే పోతున్నాడా, సగం దారిలో తిరిగొస్తాడా అనుకున్నాను. అందుకే చేరగానే వాడు అక్కడ ఉన్నాడో లేదో చెప్పమని ప్రణీతకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

కడీలు

రూతమ్మ నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చింది. నా పక్కనే కూర్చుని కొసరి కొసరి పెట్టింది. ప్రణీత నుంచి ఫోన్ వచ్చింది. సుధాకర్ అక్కడే ఉన్నాడట, అన్న చెప్పులు పట్టుకుని బెంచీ పక్కన నిలబడ్డాడట, కళ్ళు తుడుచుకుంటున్నాడట. నేను అనుకున్నది ఇలా తేలిపోయేసరికి నాకు కొంచెం సిగ్గుగానే అనిపించింది. అయినా మనసులో ఏదో కుడుతూనే ఉంది.

మధ్యాహ్నం దాటాక మట్టి బాటలో లారీ చప్పుడైంది. గోడ కోసం పాతే సిమెంటు స్తంభాలు, అవే కడీలు, వాటి మధ్య పెట్టే పలకలు నిండా వేసుకుని తోట ముందు ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"రూతమ్మ అంటే ఎవరమ్మా? కడీలు యాడ దించాలె?"

నేను రూతమ్మ వైపు తిరిగాను. ఆమె చేతిలో రొట్టె గిన్నె అలాగే ఉండిపోయింది.

"నువ్వా?" అన్నాను.

"నేనే పిలిచిన," అంది. ఏడవలేదు. "పట్టా నా పేరు మీదనే ఉన్నది సిస్టరమ్మా. మా నాయిన నాకిచ్చిన చెలుక. ఆయన దున్నిండు, కాదంట లేను. మొదటిసారి ఆయనకు బాగలేనప్పుడు దవాఖాన సుట్టు తిరిగింది నేను. గోలీలు బంద్ చేసినప్పుడు కాళ్ళు పట్టుకున్నది నేను. మల్ల బాగైతడు, మల్ల పడతడు. నేను ఎన్నొద్దులని రెక్కలతోని ఈడుస్త? అమ్ముత అంటే గొడ్డలి తీస్తడు, కొనేటోళ్ళేమో గోడ పెట్టినంకనే పైసలంటరు. మరిది పిలిచిండు మిమ్మల్ని, అన్న బాగుపడాలని. నేను ఇయ్యాళ్టి దినం ఖాళీ అయితదని చూసిన. నాకు ఆయనా కావాలె, ఈ బాధా వదలాలె. రెండు కావాలన్న, తప్పా?"

తప్పో ఒప్పో తేల్చడం నాకు చేతకాలేదు. కోపం వచ్చింది, నిజమే. ఆ మనిషిని నా చేతే పంపించి నన్ను ఇక్కడ బొమ్మను చేసిందని కడుపు మండిపోయింది. కానీ ఆమె చేతులు చూశాను. గులాబీ ముళ్ళు గీరిన గాట్లు మోచేతుల దాకా ఉన్నాయి. ఏమని తిట్టను?

సరిగ్గా అప్పుడే ప్రణీత ఫోన్ చేసింది. గొంతు తగ్గించి గబగబా చెప్పింది. "సిస్టర్, సూది వేయనివ్వట్లేదు. మీతో మాట్లాడితేనే అంటున్నాడు. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. పట్టుకోవడానికి వార్డు బాయ్‌లను పిలుస్తున్నారు. ఎవ్వరూ రాలేదని ఒక్క మాట చెప్పండి సిస్టర్, ప్లీజ్. ఇస్తున్నా."

నా భుజానికి ఆనుకుని నిలబడ్డ రూతమ్మకు ఆ మాటలన్నీ వినపడ్డాయి. చేతులు జోడించింది. చెప్పొద్దని తల ఊపింది.

అబద్ధం చెప్పడం ఎంత తేలికో! ఎవరూ రాలేదన్నా అంటే చాలు, సూది వేయించుకుని పడుకుంటాడు. ఆయన బాగు కోసమే కదా. నా ఉద్యోగంలో డాక్టర్లు, నర్సులు, తల్లులు, కొడుకులు ఇలాంటి అబద్ధాలు ఆడటం బోలెడు చూశాను. వాటిని నమ్మి పడుకున్న రోగులు లేచాక ఇంకెవరినీ నమ్మకపోవడమూ చూశాను. ఇంటికెళ్ళి గోడను చూసిన రోజు ప్రభుదాసు గోలీలు పారేస్తాడు. గొడ్డలి మళ్ళీ చేతికి వస్తుంది. ఈసారి విసిరేది బండి చక్రం మీదకు కాదు.

"సిస్టరమ్మా," ప్రభుదాసు గొంతు. "ఎవరన్నా వచ్చిన్రా?"

"వచ్చిన్రన్నా. కడీల లారీ వచ్చింది."

అవతల వార్డు బాయ్‌ల అడుగులు.

"ఎవరు తెప్పిచ్చిన్రు?"

నేను ఫోన్ రూతమ్మకు చాపాను. "నువ్వే చెప్పాలె. నేను చెప్పను," అన్నాను. ఆమె వెనక్కి జరిగింది. నేను చెయ్యి దించలేదు. చివరికి తీసుకుంది.

"నేనే," అంది. "నేనే తెప్పిచ్చిన. ఇగ నాతోని అయితలేదు." అప్పుడు ఏడ్చింది. "నువ్వు మంచిగయ్యి రా. వచ్చినాక కూసోని మాట్లాడుకుందాం. అమ్ముడో, ఉంచుడో. నీకు తెల్వకుండ చెయ్య."

ఎంతసేపు విందో తెలియదు. ఏమన్నాడో నాకు వినపడలేదు. తర్వాత ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, కళ్ళు తుడుచుకుని, లారీ వైపు చెయ్యి ఊపి గట్టిగా అరిచింది. "అన్నా, దించకు! వాపస్ తీస్కపో!"

డ్రైవర్ ఏదో గొణిగి ఇంజన్ స్టార్ట్ చేశాడు. రూతమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"సిస్టరమ్మా, లారీ పోయిందా?"

"పోతున్నది. నువ్వే ఇను," అని ఫోన్‌ను బాట వైపు చాచి పట్టుకున్నాను. లారీ వెనక్కి తిరిగి, గుంతల్లో ఎగిరెగిరి పడుతూ, మెల్లగా రోడ్డెక్కి, ఇక చప్పుడు లేకుండా పోయేదాకా అలాగే పట్టుకున్నాను. ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఇన్నవా అన్నా?"

"ఇన్న," అన్నాడు ప్రభుదాసు. "గట్లయితే సూది ఏయమను."